డాష్‌బోర్డు మీద రెండు బల్బులు

షెడ్డులో పెదనాన్నది ఒకటే మాట. గేర్‌బాక్సు దించాలని ఆయన అన్నాడంటే సాయంత్రానికల్లా అది బల్ల మీద ఉండాల్సిందే. ఆ రోజు పొద్దున్నే మాస్టారి పాత ఆటోమేటిక్ కారును లిఫ్టు మీదికి ఎక్కించి, గుడ్డపీలికతో చేతులు తుడుచుకుంటూ ఆ మాట అనేశాడు.

"దించడం వరకూ నా పూచీ. మళ్లీ ఎక్కిస్తానని మాత్రం చెప్పలేను మాస్టారూ. ఇరవై ఆరేళ్ల పెట్టె. లోపలి సీళ్లు ఇప్పుడెవడూ చెయ్యడం లేదు. విప్పామంటే ఇక విప్పినట్టే."

పక్కన నిలబడ్డ మాస్టారి అల్లుడు అందుకున్నాడు. "నేను మొదట్నుంచీ చెబుతోంది అదే కదండీ. దీన్ని పాత ఇనుముకి వేసేసి మావయ్యగారు హాయిగా ఇంట్లో కూర్చోవాలి. అత్తయ్యగారికి అద్దె కారు నేను మాట్లాడతాను."

"అద్దె కారులో మీ అత్తయ్యకి కడుపులో తిప్పుతుంది బాబూ. రెండుసార్లు చూశాం కదా."

మాస్టారి భార్యకు వారానికి మూడుసార్లు పెద్దాస్పత్రిలో రక్తం శుద్ధి చేస్తారు. రానూ పోనూ హైవే మీద తొంభై కిలోమీటర్లు. నాలుగు నెలలుగా ఆ దారంతా ఆయనే నడుపుతున్నాడు. వెళ్లేటప్పుడు ఆవిడకు ఓపిక ఉండదు, వచ్చేటప్పుడు అసలే ఉండదు. కారు పోయిందంటే ఆ ప్రయాణాలు ఆయన చేతిలోంచి పోయినట్టే. అక్కడున్న నలుగురికీ ఆ సంగతి తెలుసు.

నాలుగో మనిషి పెదనాన్న తమ్ముడి కూతురు. తొమ్మిదేళ్లుగా ఆయన దగ్గరే పని చేస్తోంది. మాస్టారు ఆమెను "గోడా" అని పిలుస్తాడు. ముప్ఫై ఏళ్లు డ్రైవింగు స్కూలు నడిపిన మనిషి ఆయన. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లకి ఇంట్లో పెట్టిన పేర్లు మిగల్లేదు. ఎవరు దేన్ని గుద్దబోయారో అదే వాళ్ల పేరు. ఊళ్లో ఒక పాలబండి ఉన్నాడు, ఒక కరెంటు స్తంభం ఉంది, ఇద్దరు గేదెలున్నారు. వాళ్లలో ఒకాయన ఇప్పుడు పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు. అయినా మాస్టారికి ఆయన గేదే.

కారు జబ్బు ఇదీ. ఆటోమేటిక్ కారులో ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య టార్క్ కన్వర్టర్ అని ఒక గుండ్రటి డబ్బా ఉంటుంది. దాని లోపల ఎదురెదురుగా రెండు ఫ్యాన్ల లాంటివి, వాటి మధ్య ఆయిల్. ఇంజను ఒకదాన్ని తిప్పితే ఆయిల్ తోపుకి రెండోది తిరుగుతుంది. ఎంత తిరిగినా అది కాస్త వెనకబడే ఉంటుంది. హైవే మీద వేగం కుదురుకున్నాక ఒక పలక వచ్చి రెండింటినీ కలిపి పట్టేస్తుంది. దాన్నే లాకప్ అంటారు. పట్టు పడితే ఇంజను మోత తగ్గుతుంది, ఆయిల్ వేడెక్కదు. మాస్టారి కారులో ఆ పట్టు నిలవడం లేదు. పడుతోంది, వదిలేస్తోంది, మళ్లీ పడుతోంది. ప్రతిసారీ చిన్న కుదుపు. ఆస్పత్రి చేరేసరికి ఆయిల్ మాడు వాసన. కిందటి వారమైతే సగం దారిలో కారు ఆపేసి, అది చల్లారేదాకా భార్యను బస్‌స్టాపు బెంచీ మీద గంటసేపు కూర్చోబెట్టాల్సి వచ్చింది.

పెదనాన్న చెయ్యాల్సినవన్నీ చేశాడు. ఆయిల్ మార్చాడు. పలకను పట్టించే సొలినాయిడ్‌ను మీటరు పెట్టి చూశాడు, బాగానే ఉంది. వైర్ల కనెక్షన్లు శుభ్రం చేశాడు. మూడుసార్లు తానే హైవే మీద తిప్పుకొచ్చాడు. మూడుసార్లూ పట్టు పడింది, పడ్డది నిలిచింది. కారు మాస్టారి చేతికి వెళ్లిన రోజే మళ్లీ మొదటికొచ్చింది.

"వచ్చిపోయే జబ్బంటే లోపల పలక అరిగిందనే అర్థం," అని తేల్చేశాడు.

అన్నయ్యగారి మాటకు అడ్డు చెప్పేంత ధైర్యం ఆమె నాన్నకు కూడా లేదు. ఆమె లిఫ్టు కింద నిలబడి ముందు చక్రాల వైపు చూస్తోంది. బ్రేకు ప్యాడ్లు నాలుగు నెలల కింద తన చేత్తోనే వేసింది. ఇంతలోనే సగానికి పైగా అరిగిపోయాయి. చక్రాన్ని చేత్తో తిప్పి చూసింది. తేలిగ్గానే తిరిగింది, బ్రేకు ఎక్కడా పట్టుకోవడం లేదు.

"పెదనాన్నా, ఒక్కసారి మాస్టార్ని నడపనిద్దామా?"

"షెడ్డులోకొచ్చిన బండిని ఓనరు నడపకూడదు. రూలు తెలుసుగా?"

ఆ రూలుకో కథ ఉంది. వెనకటికెవరో గుమస్తా, బాగైందో లేదో చూసుకుంటానని ఎక్కి ఆయిల్ డ్రమ్ముల మీదికి తోలాడు. ఆ రోజు నుంచీ పరీక్షలన్నీ పెదనాన్నవే.

"నువ్వు పెట్టిన రూలే కదా. ఇవాళ మధ్యాహ్నం దాకా తీసి పక్కన పెట్టు. తర్వాత మళ్లీ తగిలించుకుందువుగాని."

పెదనాన్న ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత వెళ్లి లిఫ్టు దించాడు.

ఆమె సొలినాయిడ్‌కు వెళ్లే వైరు నుంచి ఒక కొస లాగి దానికో ఆకుపచ్చ బల్బు కట్టింది. అది వెలిగితే పలకను పట్టుకోమని ఆజ్ఞ అందుతున్నట్టు. ఇంకో వైరు తెచ్చి ఎర్ర బల్బు కట్టింది. అది దేనికో ఎవరికీ చెప్పలేదు. రెండింటినీ టేపుతో డాష్‌బోర్డు మీద అంటించింది.

మాస్టారు స్టీరింగు దగ్గర, పక్కన పెదనాన్న, వెనక ఆమె, అల్లుడు. ఇరవై నిమిషాలు నడిచి ఇంజను వేడెక్కింది. ఎనభై దగ్గర ఆకుపచ్చ బల్బు వెలిగింది. మోత తగ్గింది. పెదనాన్న తృప్తిగా తలూపాడు.

దూరంగా ఒక లారీ కనబడింది. చాలా దూరంగా. ఎర్ర బల్బు వెలిగింది. ఆకుపచ్చది ఆరింది. కుదుపు.

లారీ పక్క రోడ్డులోకి తిరిగిపోయింది. ఎర్రది ఆరింది, ఆకుపచ్చది వెలిగింది. మళ్లీ కుదుపు.

వంతెన వచ్చింది, సైకిలు మీద ఒకడొచ్చాడు, రోడ్డు పక్కన ఒక కుక్క ఆలోచిస్తూ నిలబడింది. ప్రతిదానికీ ఒకటి వెలగడం, ఒకటి ఆరడం.

"ఆగాగు," అన్నాడు పెదనాన్న. "పలక అరిగి జారుతుంటే బల్బెందుకు ఆరుతుంది?"

"ఆరదు," అంది ఆమె.

"ఆజ్ఞే ఆగిపోతోందన్నమాట. పలకకేం కాలేదు."

"కాలేదు పెదనాన్నా."

"మరి ఆ ఎర్రదేంటండీ?" అన్నాడు అల్లుడు ముందుకు వంగి.

ఆమె జవాబు చెప్పబోయి ఆగింది. అప్పటికే మాస్టారు కారును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ముప్ఫై ఏళ్లు ఇంకొకరి కాళ్లు చూసి బతికిన మనిషి, తలవంచి తన కాళ్లవంక చూసుకున్నాడు.

"బ్రేకు," అన్నాడు.

"మీరు బ్రేకు వెయ్యలేదు కదా మావయ్యగారూ?"

"వెయ్యలేదు బాబూ. ఎడమకాలు ఆన్చాను."

ఇలాంటి కార్లలో అదొక ఏర్పాటు. బ్రేకు మీద కాలు ఎంత తేలిగ్గా పడినా చాలు, కారు ఆగబోతోందనుకుని కంప్యూటరు పలకను వదిలించేస్తుంది. లేకపోతే ఆగేటప్పుడు ఇంజను ఆరిపోతుంది. స్కూలు కారులో మాస్టారి సీటు ముందు ఒకే ఒక్క పెడల్ ఉండేది, బ్రేకు. ముప్ఫై ఏళ్లూ ఆయన ఎడమకాలు దాని మీద కాపలా కాసింది. పదకొండేళ్ల కింద ఒక పిల్లను గోడకు జానెడు దూరంలో ఆపింది ఆ కాలే. సొంత కారులో కూడా అది పెడల్ పైన గాల్లో ఉండేది. ఎప్పుడు కిందికి దిగిందో ఆయనకే తెలియదు.

"ప్యాడ్లు చూస్తే నాలుగు నెలలు," అంది ఆమె.

మాస్టారు అద్దంలోంచి వెనక సీటు వైపు చూశాడు. "ఆవిడ వెనక కూర్చున్నప్పటి నుంచీ అన్నమాట. కుదుపు తగిలితే సూది గుచ్చిన చెయ్యి నొప్పెడుతుందంటుంది. అందుకని ముందే..."

కుదుపు ఎక్కణ్నుంచి వస్తోందో ఎవరూ విడమర్చి చెప్పలేదు.

అల్లుడు వెనక్కి చేరగిలబడ్డాడు. "అయితే రోగం బండికి కాదు, నడిపేవాళ్లకన్నమాట. మరీ మంచిది. మావయ్యగారూ, నేను కఠినంగా అంటున్నానని కాదు. ఆవిడ మా ఆవిడకి అమ్మ. రేపు దారిలో ఏమన్నా అయితే?"

మాస్టారు ఇంజను ఆపాడు. తాళం తీసి వెనక్కి చాచాడు. అల్లుడు ఇంకా చెయ్యి ముందుకు పెట్టలేదు.

"మాస్టారూ," అంది ఆమె. "నా కాలు కుదురుకోడానికి ఎన్ని పాఠాలు పట్టాయి?"

"పద్నాలుగు. అందరికంటే నీకే ఎక్కువ."

"అప్పుడు మీరు నా తాళం లాక్కోలేదు కదా."

మాస్టారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. పెదనాన్న ఆ తాళం తీసుకుని, "మొదట షెడ్డుకి పోనివ్వండి. రోడ్డు మీద పంచాయతీ ఏమిటి?" అంటూ మళ్లీ ఆయన చేతిలోనే పెట్టాడు.

షెడ్డులో ఆమె పాత వ్యాను మెట్టు నుంచి జానెడు గళ్ల రేకు కోసింది. అంచులు అరగదీసి, పైన రబ్బరు అతికించి, బ్రేకు పెడల్‌కు ఎడంగా నేల మీద ఏటవాలుగా బిగించింది. ఎడమకాలు పెట్టుకోడానికి చోటు. ఈమధ్య వచ్చే కార్లలో అలాంటిది ముందే ఉంటుంది, ఈ కారుకు లేదు.

ఈసారి పక్క సీట్లో ఆమె కూర్చుంది. అల్లుడు వెనక నుంచి, "ఎర్రది ఎన్నిసార్లు వెలుగుతుందో నేనే లెక్కపెడతా," అన్నాడు. గట్టిగానే లెక్కపెట్టాడు.

మొదటి చుట్టులో తొమ్మిది.

"కాలు, మాస్టారూ."

"తెలుసమ్మా, తెలుసు. ఖాళీగా ఉంటే దానికి భయంగా ఉంది."

"రేకు మీద నొక్కండి. ఎంత గట్టిగా నొక్కినా దానికేం కాదు."

రెండో చుట్టులో మూడు. మూడో చుట్టులో హైవే దిగేదాకా ఆకుపచ్చ బల్బు ఆరలేదు. దిగే చోట మాస్టారు కుడికాలితో బ్రేకు వేశాడు, ఎర్రది వెలిగింది.

"ఒకటి," అన్నాడు అల్లుడు అలవాటుగా.

"అది వెలగాల్సిందే కదయ్యా!" అన్నాడు మాస్టారు. అల్లుడు నవ్వకుండా ఉండబోయాడు, కుదరలేదు. ఎల్లుండి ఆస్పత్రికి తానూ వస్తానని, వెనక సీట్లో కూర్చుని చూస్తానని చెప్పాడు. అంతకుమించి ఏమీ ఒప్పుకోలేదు.

దిగేటప్పుడు ఆమె బల్బులు విప్పబోయింది. మాస్టారు ఆకుపచ్చదాన్ని తీసెయ్యమన్నాడు. "ఎర్రది ఉండనీ. చెప్పేవాళ్లు ఒకరుండాలి."

"నాకేదో పేరు పెట్టారు. మరి మీకేం పెట్టమంటారు?" అంది ఆమె.

"ఏం గుద్దలేదుగా! పేరెక్కణ్నుంచి వస్తుంది?" అని ఆయన కారెక్కాడు.

మూడో రోజు పొద్దున ఏడు దాటాక ఆ కారు షెడ్డు ముందు నుంచి వెళ్లింది. వెనక సీట్లో నెరిసిన జుట్టు ముడితో ఆవిడ, పక్కన అల్లుడు. మాస్టారు చెయ్యి ఊపాడు. ఆమె పానా కింద పెట్టి రోడ్డు మీదికి వచ్చింది. చెయ్యి ఊపడం మరిచిపోయి కారు వెనక బ్రేకు లైట్ల వైపే చూస్తూ నిలబడింది. అవి వీధి పొడుగునా వెలగలేదు. మలుపు దగ్గర వెలిగాయి.