కత్తెర బొమ్మ

“పిచ్చుకా! తాతయ్య కార్డులు పట్టుకురా.”

లోపలి గదిలోంచి మేడమ్ పిలిచింది. వస్తున్నానంది గానీ పిచ్చుక కదల్లేదు. వరండా బల్ల మీద కూర్చున్న టైలర్ తాతయ్య ఆమె సంచికి చిరుగు చూసి, భుజం మీంచి లాగేసుకున్నాడు మరి.

ఆ స్పీచ్ థెరపీ క్లినిక్‌లో పిచ్చుక వాలంటీరు. అసలు పేరు రిజిస్టరులో ఉంది. ఒక్కచోట నిలవని పిల్లకి అంత పొడుగు పేరెందుకని మేడమ్ దాన్ని కత్తిరించేసింది. పొద్దున అద్దాలు తుడవడం, పిల్లలు ఊదే సబ్బుబుడగల గిన్నెలు కడగడం, సాయంత్రం కార్డుల మీద బొమ్మలు మళ్ళీ గీయడం ఆమె పనులు. మాట పడిపోయినవాళ్ళు బొమ్మ చూసి దాని పేరు సొంతంగా అన్నారంటే, ఆ బొమ్మ కార్డు వదిలి వెళ్ళిపోతుంది. రంగుపెన్సిళ్ళు ఎన్ని తెచ్చినా చాలవని మేడమ్ గొణుగుతుంటుంది. ఇరవై కార్డులూ తెల్లబడితే ఆ మనిషికి నయమైనట్టే. కుర్చీ ఇంకొకరిది.

అలా ఒక్కరినైనా గట్టెక్కించిన వాలంటీరుకి మేడమ్ ఉత్తరం రాసిస్తుంది. ఆ ఉత్తరం ఉంటేనే థెరపీ కోర్సులో సీటు. ఈ ఏడాదీ సీటు రాకపోతే మామయ్య జిరాక్సు కొట్లో కూర్చోమని నాన్న తేల్చేశాడు. పిచ్చుక కలల్లో మాత్రం జిరాక్సు మిషను ఎప్పుడూ రాలేదు. తను చెయ్యి తాకగానే గొంతు విప్పే మనుషులు బారులు తీరి వచ్చేవాళ్ళు.

వచ్చింది టైలర్ తాతయ్య. పక్షవాతం ఆయన చేతుల్ని వదిలేసి మాటని పట్టుకుపోయింది. పదం అందించకూడదు, ఎంతసేపైనా ఆగాలి అన్నది అక్కడ మొదటి నియమం. పన్నెండు కార్డుల దాకా ఎలాగో ఓపిక పట్టింది. పదమూడో కార్డు దగ్గర ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి, ఈమె కాళ్ళలో చీమలు పాకాయి.

“గంట,” అని నోరు జారింది.

“గంట,” అన్నాడాయన చిలకలా. బొమ్మ కదల్లేదు. పిచ్చుక ఆ కార్డుని సంచిలో దాచేసి, సొరుగులోంచి ఖాళీ కార్డు తీసి పెట్టింది. ఒకటి చేశాక రెండోది ఎంతసేపు? వారం తిరిగేసరికి సంచిలో ఎనిమిది చేరాయి.

అనని బొమ్మలకి నిలకడ ఉండదు. బస్సులో గంట మోగితే డ్రైవరు ఠక్కున ఆపేవాడు, దిగేదెవరని కండక్టరు కసిరేవాడు. అన్నం దగ్గర కూర్చుంటే కుక్క బొమ్మ మొరిగేది. దానికి కాస్త ముద్ద పెట్టి నోరు మూయించవే అని అమ్మ విసుక్కునేది. ఇక కత్తెర అయితే కసకసమంటూ సంచి అడుగునే కొరుక్కుతింది.

ఆ చిరుగే తాతయ్య కంటపడింది. సంచి తిరగేశాడు. ఎనిమిది కార్డులూ ఒళ్ళో పడ్డాయి. పిచ్చుకకి పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన ఒక్కొక్కటే చూశాడు. కత్తెర దగ్గర ఆగి, బొమ్మ మీద బొటనవేలు పెట్టాడు. నలభై ఏళ్ళు ఆ వేలు ఆడించింది కత్తెరనే.

“క... క...”

అంతకు మించి రాలేదు. తల దించుకుని కార్డులన్నీ తిరిగి సంచిలో వేశాడు. కాలరు కింద గుచ్చుకున్న సూది తీసి, మాసిక వేసి, దాని మీద రెండో కుట్టు వేసి, దారం కొరికాడు. సంచి ఆమెకిచ్చి, లోపలికి పొమ్మని గడ్డంతో చూపించాడు.

లోపల మేడమ్ పిచ్చుక తెచ్చిన ఇరవై తెల్ల కార్డులూ లెక్కపెట్టి మురిసిపోయింది. రేపటినుంచి తాతయ్య రానక్కర్లేదంది. ఉత్తరం రాయడానికి పెన్ను మూత తీసింది.

“నీ అసలు పేరు చెప్పవే. పిచ్చుకకి సీటివ్వమని రాస్తే నవ్వుతారు.”

సంచిలో గంట మోగలేదు. కుక్క మొరగలేదు. గుమ్మంలో నిలబడి తాతయ్య తల ఊపుతున్నాడు, చెప్పు అన్నట్టు.

పిచ్చుక నోరు తెరిచింది. “నే... నే...” అంతకు మించి రాలేదు.

మేడమ్ ఆమె మొహంలోకి చూసింది. పెన్ను పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఒక్క మాటైనా అందించలేదు. తాతయ్య మెల్లగా వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆయనా ఆగాడు. వరండాలో ఎవరో దగ్గారు. ఇద్దరూ కదల్లేదు.

“చివరి ఎనిమిదీ తాతయ్య సొంతంగా అనలేదు మేడమ్. నేనే అందించాను.”