నాన్న ఉన్న ఇల్లు

ఊరి కౌన్సిల్ ఆఫీసు తలుపు దగ్గర లోర్నా ఆగిపోయింది. చంకలో మూడేళ్ల కూతురు ఈడీ వానకు తడిసి బరువెక్కింది. దారంతా ఒకే మాట మనసులో చెప్పుకుంటూ వచ్చింది. మా నాన్న మా ఇంట్లో ఉండలేదు, వ్యాన్‌లో పడుకునేవాడు. అంతే. ఆ మాట అనేస్తే బాకీ పోతుంది.

ఇంటద్దెకు కౌన్సిల్ ఇచ్చే సాయం ఆమెకు ఎక్కువ ఇచ్చేశారట. ఇంట్లో ఇంకో పెద్ద మనిషి ఉన్నా చెప్పలేదు కాబట్టి అది తిరిగి కట్టాలట. ఆ మనిషి ఆమె తండ్రి క్లిఫ్. ఆయన పోయి నెల దాటింది.

క్లిఫ్ సంతలో కూరగాయల బస్తాలు మోసేవాడు. అద్దె గది పోయాక పాత వ్యాన్ తోలుకొచ్చి కూతురి గుమ్మం ముందు నిలిపాడు.

"సోఫా మీద పడుకుంటానే. నీకేం అడ్డురాను" అన్నాడు.

"నాన్నా, సంపాదించే మనిషి ఇంకొకరు ఇంట్లో ఉంటే అద్దె సాయం కోసేస్తారు. పైవీధి జానిస్‌కి అట్లాగే కోశారు. అద్దె కట్టలేకపోతే నేనూ పిల్లా కూడా నీ వ్యాన్‌లోకే రావాలి."

క్లిఫ్ నవ్వేశాడు. "మీకు చోటెక్కడుందే? నా కాళ్లే బయటికొస్తున్నాయి."

మళ్లీ ఎప్పుడూ అడగలేదు. పొద్దున లోపలికొచ్చి మొహం కడుక్కుని, ఈడీతో కలిసి ఓట్స్ జావ తాగి పనికి పోయేవాడు. సాయంత్రం లోర్నా రబ్బరు సంచిలో వేడినీళ్లు నింపి వ్యాన్‌లోకి అందించేది.

"రేడియో ఉంది, వేడి సంచి ఉంది. రాణీగారిక్కూడా ఇంత భోగం లేదు పో!" అనేవాడు దగ్గుతూనే.

చలికాలం ముదిరాక ఆ దగ్గు గుండెల్లోకి దిగింది. ఆసుపత్రికి వెళ్లినవాడు తిరిగి రాలేదు.

చావు నమోదు చేయించడానికి వెళ్లినప్పుడు అక్కడి గుమాస్తా మెత్తగా అడిగాడు, "నాన్నగారు ఎక్కడ ఉండేవారమ్మా?" అని. వ్యాన్ అని చెప్పడానికి లోర్నాకు మనసు రాలేదు. తన ఇంటి నంబరు చెప్పేసింది. ఆ కబురు దానంతటదే అద్దె సాయం ఇచ్చేవాళ్ల దాకా పోతుందని ఆమెకేం తెలుసు?

కౌంటర్ అవతల మిసెస్ ఓగ్డెన్ కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు.

"కూర్చో తల్లీ. అయ్యో, పిల్ల తడిసిపోయిందే! ఇదిగో, ఈ బిస్కెట్టు తీసుకో బుజ్జీ." కళ్లజోడు పెట్టుకుని కాగితాలు చూసింది. "కంగారు పడకు. చావు నమోదులో చిరునామా తప్పు పడటం మాకు మామూలే. ఆయన నీ ఇంట్లో ఉండలేదా?"

"అదీ..."

"ఉండలేదని చెప్పు, చాలు. పక్కింటివాళ్లు ఎవరైనా అవునంటే ఈ బాకీ మొత్తం కొట్టేస్తాను."

పక్కింటి బెరిల్ రోజూ ఆ వ్యాన్‌ను చూసింది. అడగ్గానే చెబుతుంది.

"మరి ఎక్కడుండేవాడు?" మిసెస్ ఓగ్డెన్ కలం తీసింది.

"నేను చెప్తే మీరేం రాస్తారండీ?" అంది లోర్నా.

"ఎక్కడుంటే అక్కడ రాస్తాను. ఇల్లంటూ లేకపోతే 'ఉండటానికి చోటు లేదు' అని. మరణపత్రంలో కూడా అట్లాగే దిద్దించాలి మరి."

లోర్నాకు మంచు పట్టిన వ్యాన్ అద్దం కళ్ల ముందు కదిలింది. లోపలి నుంచి నాన్న అరచేత్తో దాన్ని తుడిచి, బయట నిలబడ్డ ఈడీకి నాలుక బయటపెట్టి చూపించేవాడు. అక్కడికి గుమ్మం నాలుగడుగుల దూరం కూడా ఉండదు. ఆ తలుపు గడియ రోజూ తనే వేసేది.

"మా ఇంట్లోనే ఉన్నాడండీ" అంది.

కలం ఆగింది. "ఆలోచించుకో అమ్మా. వారం వారం నీ సాయంలోంచి కోసుకుంటారు. పిల్లతో నీకు కష్టం."

"కోసుకోనివ్వండి."

మిసెస్ ఓగ్డెన్ ఆమె మొహంలోకి చూసింది. "ఏ గదిలో పడుకునేవాడు?"

"ముందుగదిలో. సోఫా మీద, హీటర్ పక్కన."

ఈడీ నోట్లోంచి బిస్కెట్టు తీసి తలెత్తింది. "కాదమ్మా! తాత వ్యాన్‌లో కదా బజ్జునేది!"

లోర్నా పిల్ల తడి జుట్టును చెవి వెనక్కి తోసింది.

"ముందు వ్యాన్‌లోనే బంగారం" అంది. "తర్వాత చలేసింది కదా, లోపలికి వచ్చేశాడు."

మిసెస్ ఓగ్డెన్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. తర్వాత తల వంచుకుని, లోర్నా చెప్పింది చెప్పినట్టే రాసింది.