ఏడుపులో పిలిచే పేరు

దీప చేసే పని ఏమిటో సుగుణమ్మకు ఇన్నేళ్ళయినా అంతుచిక్కలేదు. సినిమాలో ఏ వేషానికి ఎవరు సరిపోతారో వెతికిపెట్టడం, అలా వెతికేవాళ్ళను క్యాస్టింగ్ డైరెక్టర్ అంటారని కూతురు ఎన్నిసార్లు చెప్పినా, మనుషులను వెతికితే జీతం ఎవరిస్తారనే అడిగేది. సూర్యాపేటలో వాళ్ళ పక్కింటి ఉమారాణి అయితే సినిమావాళ్ళ గురించి విన్నవీ విననివీ కలిపి చెప్పి ఆమెకు కంటి మీద కునుకు లేకుండా చేసింది. దీప ఫోన్ ఎత్తడం కాస్త ఆలస్యమైతే చాలు, సుగుణమ్మ మనసు పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళి, దవాఖాన మీదుగా తిరిగి వచ్చేది.

ఈసారి దీప పని మీద సొంత ప్రాంతానికే వచ్చింది. ఇంతకాలం ఇంకొకరి చేతికింద చేసిన పిల్లకు ఇది తనంత తానుగా ఒప్పుకున్న మొదటి సినిమా. అన్ని పాత్రలకూ మనుషులు కుదిరారు. కొడుకు శవం మీద పడి రాగం తీసి ఏడ్చే తల్లి మాత్రం దొరకలేదు. అమ్మ భయం, బుగులు చూడలేక దీప ఒక మాట ఇచ్చింది.

"నాతోని రా అమ్మా. నీ కండ్లతోని సూడు. గిది ఆడపిల్ల చేసే పని కాదని నీకనిపిస్తె ఒక్కమాట చెప్పు, మానేస్త."

సుగుణమ్మ ఆ మాటను కొంగున ముడివేసుకుంది. భర్త యేసయ్యకు వండి మూతపెట్టి, ప్రార్థన చేసుకుని, సంచిలో కారప్పొడి పొట్లం పెట్టుకుని బయలుదేరింది. పొట్లం ఎందుకో కూతురికి చెప్పలేదు.

మొదట కోదాడ వెళ్ళారు. బస్టాండు పక్కన జామకాయలు అమ్మే ఆడవాళ్ళ దగ్గర దీప తీరిగ్గా కూర్చుంది. సినిమా ఊసే ఎత్తలేదు. గోంగూర ఎలా నూరుతారని అడిగింది. ఒకామె చెప్పడం మొదలుపెట్టి, చేతులతో గాలిలోనే పొత్రం తిప్పుతూ, మధ్యలో అత్తగారిని తిట్టి, ఆ అత్తగారే పోయిన సంగతి చెప్పి ఆగిపోయింది. దీప ఆమె గొంతువైపే చూస్తూ కూర్చుంది. ఆమె మళ్ళీ తేరుకుని, "మా పచ్చడి సినిమాలో పెడతారా ఏంటండీ? ఉప్పు తక్కువైందని ఊరంతా నన్నే అంటారు," అని నవ్వింది.

ఏడ్చే మనిషి కావాలంటూ పచ్చడి సంగతి అడుగుతావేమని సుగుణమ్మ కూతుర్ని పక్కకు పిలిచి అడిగింది. ఏడవమంటే అందరూ టీవీలో ఏడ్చినట్టే ఏడుస్తారట. తన సొంత సంగతి చెబుతూ మనిషి ఎక్కడ ఆగిపోతుందో అది చూడాలట. సుగుణమ్మకు ఇది వింతగా ఉంది. టోపీ పెట్టుకున్న ఒక మగమనిషి తమనే చూస్తున్నాడని సంచిలో చెయ్యి పెట్టి నిలబడింది గానీ, హుజూర్‌నగర్ బస్సు రాగానే అతను ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత తనకు తెలియకుండానే ఆమె కూడా వచ్చేపోయే ఆడవాళ్ళను చూడసాగింది. మూట దించుకుంటున్న ఎర్రచీర కట్టుకున్నామె తన నడుము పట్టుకున్న తీరు, పిల్లను కొట్టి తానే కళ్ళు తుడుచుకున్న ఇంకొకామె. ఇన్నేళ్ళు ఇదే బస్టాండులో బస్సు నంబర్లు తప్ప ఏమీ చూడలేదు కదా అనుకుంది.

కోదాడలో ఎవరూ కుదరలేదు. మర్నాడు మిర్యాలగూడలో వెంకటనర్సమ్మ దొరికింది. రైస్ మిల్లులో వడ్లు ఆరబోసే పని ఆమెది. ఏ ఇంట్లో చావు జరిగినా ముందు ఆమెనే పిలుస్తారని, ఆమె రాగం ఎత్తుకుంటే కాటికాపరి కూడా కన్నీళ్ళు పెడతాడని తోటి ఆడవాళ్ళు చెప్పారు. దీప కళ్ళు మెరిశాయి. సాయంత్రంలోగా వీడియో రాకపోతే పట్నం నుంచి నటిని తెచ్చుకుంటానని డైరెక్టర్ శ్యాంసుందర్ అప్పటికే చెప్పి ఉన్నాడు.

మిల్లు గోడ నీడలో ఇటుకకు ఫోన్ ఆనించి, దీప కథ చెప్పింది. లారీ నడిపే కొడుకు. రోడ్డు మీద పోయాడు. తల్లి ఆ కొడుకును పేరు పెట్టి పిలిచి ఏడుపు మొదలుపెట్టాలి. కొడుకు పేరు సురేందర్.

సుగుణమ్మ కొడుకు పేరూ అదే. అతను ఆ పొద్దున్నే లారీ తీసుకుని హైదరాబాద్ బయలుదేరాడు. శకునాలు నమ్మొద్దని చర్చిలో చెప్పినప్పుడల్లా అందరితోపాటు తానూ తలూపే మనిషే. కానీ వెంకటనర్సమ్మ కొంగు సవరించుకుని నోరు తెరిచేసరికి, ఒక్క ఉదుటున లేచి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టేసింది.

దీప తల పట్టుకుంది. "అది కథ రాసినోళ్ళు పెట్టిన పేరమ్మా. మన అన్న గురించి కాదు."

"ఎవరు పెడ్తేంది బిడ్డా, పిలిచేది ఆ పేరే గద."

వెంకటనర్సమ్మకు కోపం రాలేదు. "ఆమె తప్పేం లేదు. బతికున్నోని పేరని తెల్సినంక నాకు మాత్రం గొంతు లేస్తదా? ఇంకో పేరు జెప్పుండ్రి."

వెతికారు. ప్రభాకర్ అంటే వెంకటనర్సమ్మ అల్లుడు. ప్రభుదాస్ అంటే సుగుణమ్మ తమ్ముడు. ఏ పేరు తీసినా ఎక్కడో ఒకచోట అన్నం తింటూనో, బండి నడుపుతూనో ఒక మనిషి ఉన్నాడు. ఎండ గోడ దిగిపోతోంది. దీప మొహం చిన్నబోయింది. ఇప్పుడు ఊరుకుంటే చాలు, ఈ సినిమా పోతుంది, పిల్ల ఇంటికి వస్తుంది. ఆ సంగతి సుగుణమ్మకు తెలుసు. తెలిసీ ఊరుకోలేకపోయింది.

"పోయినోళ్ళ పేరు పెట్టరాదా?" అంది మెల్లగా, వెంకటనర్సమ్మ బొట్టు లేని నుదురు చూస్తూ. "మీ ఇంటాయన..."

"ఆయన పేరు ఆయనున్నప్పుడే పల్కలె, ఇప్పుడు పల్కుతనా?" అంది వెంకటనర్సమ్మ. కాసేపు వడ్లవైపు చూసింది. "మా తమ్ముడుండె. దశరథ. నా సంకలనే పెరిగిండు."

దీప అక్కడినుంచే డైరెక్టర్‌కు ఫోన్ చేసింది. ఈకాలం కుర్రాడికి అంత పాతపేరు ఎవరు పెడతారని అతను అన్నట్టున్నాడు.

"మా దిక్కు తాత పేరు మనుమనికి పెడ్తరు సార్," అంది దీప. గొంతు పెంచలేదు. "ఆ పేరైతెనే ఆమె ఏడుస్తది. మీరు మార్చకుంటె ఆమెను నేను అడగను. వేరే వాళ్ళను చూసుకోండి."

ఈ పని పోకూడదని సుగుణమ్మ లోలోపల ప్రార్థన అందుకుంది. ఆ పని పోవాలనే కదా తాను వచ్చింది? మరి పోకూడదని ఎందుకు మొక్కుతోందో ఆమెకే అర్థం కాలేదు. చాలాసేపటికి దీప, "సరే సార్, పంపిస్త," అని ఫోన్ పెట్టేసింది.

"దశరథా, నా కొడుకా," అని వెంకటనర్సమ్మ ఎత్తుకుంది. "నా సంక ఖాళీ జేసి ఏడికి వోతివి రా..." మిల్లులో చాటలు ఆగిపోయాయి. పనివాళ్ళు గేటు దాకా వచ్చి నిలబడ్డారు. దీప ఫోన్ ఆపేసింది. ఏడుపు ఆగలేదు. కావలసింది ఫోన్‌లో పడింది కదా, దీప లేచి వెళ్ళిపోతుందేమోనని సుగుణమ్మ చూసింది. దీప వెళ్ళి మట్టిలో వెంకటనర్సమ్మ పక్కన చతికిలబడి, ఆమె చెయ్యి పట్టుకుని, ఆ తమ్ముడు పూర్తిగా గుర్తొచ్చి వెళ్ళిపోయేదాకా కూర్చుంది. ఎవరూ తొందరపెట్టలేదు.

చాయ్ తాగుతుండగా జవాబు వచ్చింది. ఆమెనే ఖాయం చేశారు.

తిరుగుబస్సులో దీప అడిగింది. "ఇగ చెప్పు. మానాల్నా?"

సుగుణమ్మ షూటింగ్ ఎక్కడని అడిగింది. తుంగతుర్తి దగ్గర అంది దీప. పొద్దుగూకినాక కూడా ఉంటుందా, పడుకోవడం ఎక్కడ, కరెంటు తీగలు కింద పడి ఉంటాయట నిజమేనా అని వరసగా అడిగింది.

"నా గురించి అడుగుతున్నవా, ఆమె గురించా?"

"ఆమె గురించే. అంతమంది మగోళ్ళ నడుమ ముసలామె ఒక్కతె ఎట్లుంటది? నేను పోత తోడు."

"మరి నా సంగతి చెప్పకపోతివి."

"నువ్వు మానేస్తె," అంది సుగుణమ్మ కిటికీవైపు తిరిగి, "ఏ పేరు పెట్టి ఏడుస్తవమ్మా అని ఆమెను అడిగేటోళ్ళు ఎవరున్నరు?"