లెక్కలోకి రాని కాఫీ

కాఫీని తిండి కింద ఎవరూ లెక్కపెట్టరు. అన్నం మానేశామని చెప్పుకునే మహానుభావులు కూడా క్రీమ్ తేలుతున్న కాఫీ చేత్తో పట్టుకునే ఆ మాట చెబుతారు. తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనంలో, కింద కాఫీ కౌంటరు నడిపే పెద్దదానికి ఈ సంగతి పదేళ్ళుగా తెలుసు. ఏ కాఫీలో ఎన్ని కేలరీలో రాసిన పట్టిక ఒకటి కాఫీ కంపెనీవాళ్ళు పంపి, గోడకు తగిలించమన్నారు. తగిలిస్తే బేరాలు పోతాయని ఆమె దాన్ని కప్పుల బీరువా తలుపుకు లోపలి వైపు అంటించింది. తలుపు తీసినప్పుడల్లా కంటబడి అది ఆమెకు కంఠతా వచ్చేసింది.

పెద్దది, చిన్నది అనేవి ఆ అక్కచెల్లెళ్ళకు ఇంట్లో పిలుపులు. పెద్దది ఎండుపుల్ల, చిన్నది బూరెబుగ్గల మనిషి. పేరుకు చిన్నది, తూకానికి పెద్దది అని తండ్రి వేళాకోళం చేసేవాడు. చిన్నది అదే భవనంలో ఆరో అంతస్తులో, బీమా కంపెనీలో ఉద్యోగం చేస్తుంది. రోజుకు రెండుసార్లు కిందికి దిగి అక్క చేతి కాఫీ తాగనిదే ఆమెకు పొద్దు గడవదు. పెద్ద కప్పు, చిక్కటి పాలు, పంపు సీసాతో మూడు నొక్కుల తీపి సిరప్, పైన ఇంతెత్తు క్రీమ్. పట్టిక ప్రకారం ఒక్కొక్కటి నాలుగు వందల ఇరవై కేలరీలు.

వాళ్ళ నాన్నకు కాలేయం పాడైంది. సొంతవాళ్ళెవరైనా తమ కాలేయంలో కొంత ఇస్తే తప్ప బతకడని డాక్టర్లు తేల్చేశారు. ఆరేళ్ళుగా ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నది పెద్దది. మాత్రలు, దుప్పట్లు ఉతకడాలు, ఆస్పత్రి వరండాల్లో పడిగాపులు అన్నీ ఆమెవే. చిన్నది ఆదివారాలు పళ్ళు పట్టుకొచ్చి, నాన్నను నవ్వించి వెళ్ళిపోయేది. తీరా పరీక్షలు చేస్తే పెద్దదాని రక్తం సరిపడలేదు, చిన్నదానిది సరిపడింది. కాకపోతే ఆమె కాలేయానికి కొవ్వు పట్టి ఉంది. ఎనిమిది వారాల్లో ఐదు కిలోలు తగ్గితేనే ఆపరేషన్ అన్నాడు సర్జన్.

ఆ రోజు నాన్న చిన్నదాని చెయ్యి పట్టుకుని, "నా ప్రాణం నిలబెట్టే బిడ్డవి నువ్వేనమ్మా" అన్నాడు. పక్కనే మాత్రల డబ్బాతో నిలబడ్డ పెద్దదానికి ఒళ్ళు భగ్గుమంది. చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి చిన్నదాన్ని దేవతను చేసేశారు. చాకిరీ ఒకరిది, పేరు ఒకరిది. నాన్న బతకాలి, అందులో పెద్దదానికి రెండో మాట లేదు. ఆయన చిన్నదాని పుణ్యాన బతకడమే ఆమెకు మింగుడు పడలేదు.

రోజంతా ఏం తింటున్నావో రాసుకురమ్మని డైటీషియన్ చిన్నదానికి చెప్పింది. ఆమె నిజాయితీగా అన్నీ రాసి, చిట్టచివర 'కాఫీ రెండుసార్లు' అని రాసింది. ఆ మహాతల్లి కూడా అది ఎలాంటి కాఫీ అని అడగలేదు. మర్నాడు చిన్నది ఆ కాగితం కౌంటరు మీద పరిచి అడిగింది.

"ఇంకేమైనా మర్చిపోయానా అక్కా?"

పెద్దది కాగితం పైనుంచి కిందిదాకా చదివింది. సిరప్ సీసా ఆమె చేతిలోనే ఉంది.

"అంతా బాగానే రాశావే" అని, మూడు నొక్కులూ నొక్కి కప్పు అందించింది.

విషం కలపలేదు, అడిగిందే ఇచ్చాను అని తనకు తనే సర్దిచెప్పుకుంది. నోరు తెరిచి ఒక్క మాట చెబితే ముత్యాలేం రాలిపోవు. అయినా చెప్పలేదు. అసూయ అంత గడుసుది, మనచేత ఏమీ చేయించకుండానే తన పని కానిచ్చుకుంటుంది.

మూడు వారాలు చిన్నది ఉడికించిన కూరగాయలు తిని, ఆరంతస్తులూ మెట్లెక్కింది. తూకం చూస్తే పావుకిలో పెరిగింది. మిగిలిన ఐదు వారాల్లో తగ్గకపోతే ఆశ వదులుకోమన్నారు. మర్నాడు పీక్కుపోయిన మొహంతో కౌంటరు దగ్గరికి వచ్చిన చెల్లెల్ని చూసి పెద్దదానికి లోపల ఏదో మూల హాయిగా అనిపించింది. ఆ హాయి చూసి ఆమెకే భయం వేసింది.

"రాత్రి ఏమీ తినలేదక్కా. నీ కాఫీ ఒక్కటి లేకపోతే ఈ పస్తులు నావల్ల అయ్యేవి కావు" అంది చిన్నది.

ఆ సాయంత్రం నాన్న, చిన్నది తగ్గిందా అని అడిగాడు. లేదని చెప్పింది పెద్దది. దాన్నేమీ అనకు, అది చిన్నప్పటి నుంచీ ఆకలికి ఆగలేదు, అది ఏడుస్తుంటే నీ గ్లాసులో పాలు కూడా వంచి దానికే పోసేదానివి కదా అన్నాడు. పెద్దది మాత్రలు లెక్కబెడుతూ రెండుసార్లు లెక్క తప్పింది.

మర్నాటి నుంచీ మొదలుపెట్టింది. ఒక్కసారిగా మారిస్తే నాలుక పసిగడుతుంది, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న వస్తుంది. అందుకని ముందు ఒక నొక్కు తగ్గించింది. రెండు రోజులాగి ఇంకొకటి, ఆ తర్వాత మూడోదీ మాని, చిటికెడు దాల్చినచెక్క పొడి వేసింది. చిక్కటి పాలల్లో వెన్న తీసిన పాలు సగం కలిపి, తర్వాత పూర్తిగా అవే పోసింది. ఆ పాలకు నురగ బాగా వస్తుంది కాబట్టి క్రీమ్ బదులు నురగే ఎత్తుగా నిలబెట్టింది. పది రోజుల్లో నాలుగు వందల ఇరవై కాస్తా ఎనభై ఎనిమిదికి దిగింది.

ఎనిమిదో వారానికి చిన్నది ఐదు కిలోలకు పైనే తగ్గింది. సర్జన్ తేదీ ఇచ్చాడు. చిన్నదాని పట్టుదలే పట్టుదల అని డైటీషియన్ మెచ్చుకుంది, చుట్టాలు మళ్ళీ ఫోన్లు చేశారు. అందులో సగం కిలోలు నావి అని అరవాలనిపించింది పెద్దదానికి. అరిస్తే ఆ మూడు వారాల సంగతీ బయటికి వస్తుంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

ఆస్పత్రిలో చేరే ముందురోజు చిన్నది దిగి వచ్చి, కాఫీ అడుగుదాకా తాగి కప్పు కింద పెట్టింది.

"ఆపరేషన్ అయ్యాక పాత కాఫీ ఇవ్వక్కా."

"పాతదేమిటే?"

"మూడు నొక్కులది. ఒకటి తగ్గించిన రోజే తెలిసిపోయింది. పదేళ్ళ నుంచి తాగుతున్నా, ఆమాత్రం తెలీదా? నువ్వు పాలకి వెళ్ళినప్పుడు బీరువా తీసి చూశా. పట్టిక ఉంది."

పెద్దది కౌంటరు తుడుస్తూనే ఉంది. తుడవడానికి అక్కడేమీ లేదు.

"మరి అడగలేదేం?" అంది చివరికి.

"ఎందుకు చెప్పలేదో తెలుసు కాబట్టి." చిన్నది ఖాళీ కప్పును అటూ ఇటూ తిప్పింది. "నొప్పి వస్తే నాన్న పిలిచేది నిన్నే. నేను పక్కన కూర్చున్నా నీ కోసమే గుమ్మం వైపు చూస్తాడు. ఆరేళ్ళుగా అది చూసి కుళ్ళుకుంటున్నా. నీ రక్తం సరిపడలేదనగానే నాకు సంతోషం వేసిందక్కా. నీ చోట నేనుంటే నేనూ చెప్పేదాన్ని కాదు."

పెద్దది మెషిన్ దగ్గరికి వెళ్ళి, పాలు వేడిచేసి, ఇంకో కప్పు కలిపి చెల్లెలి ముందు పెట్టింది.

"ఇది లెక్కలోకి వస్తుందా?" అంది చిన్నది.

"వస్తుంది. ఎనభై ఎనిమిది" అంది పెద్దది.