విజయ్ గారికి హామీ ఎవరు?

ఆయన అసలు పేరు విచాయ్. థాయ్‌లాండ్ మనిషి. వరిచేలన్నీ ఒకటొకటిగా రొయ్యల చెరువులైపోతున్న తొంభైల మొదట్లో, భీమవరం పల్లంరాజు గారు నరసాపురం దిగువన సముద్రపొడ్డున రొయ్యపిల్లల హేచరీ పెట్టారు. తల్లి రొయ్యల చేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని చెరువుకి వెళ్లే వయసు దాకా సాకే పనికి అతన్ని అంత దూరం నుంచి రప్పించుకున్నారు.

వారం తిరక్కుండానే హేచరీలో అందరూ విచాయ్‌ని విజయ్ గారిని చేసేశారు. అతనూ కాదనలేదు. వాళ్ల భాషలోనూ మర్యాద కోసం మాట చివర ఒక తోక తగిలిస్తారట. అందుకని తెలుగులో అతనికి ముందుగా పట్టుబడింది "అండి". తర్వాత నేర్చిన ప్రతి మాటకీ దాన్ని తగిలించేవాడు. "నీళ్లండి." "ఉప్పండి." రొయ్య తిరగబడి తేలితే, విచారంగా, "చచ్చిందండి."

వంటచేసే చిట్టెమ్మ పులుసులో ఎంత కారం వేసినా చాలక పక్కన పచ్చిమిరపకాయలు కొరుక్కునేవాడు. "అది కడుపో కుంపటో" అని చిట్టెమ్మ దిష్టి తీసేది.

అంతా బాగానే ఉంది గానీ, ఏడాది కావొచ్చేసరికి అతని వీసా గడువు దగ్గరపడింది. పొడిగించాలంటే ఏలూరులో పోలీసువారి విదేశీయుల విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. దాంతో యజమాని ఉత్తరం ఒకటి ఉండాలి. ఇతను మా దగ్గరే పనిచేస్తున్నాడు, ఇంకో ఏడాది కావాలి, ఇతని నడవడికకీ, పనయ్యాక క్షేమంగా తిరిగి పంపడానికీ నాది హామీ అని.

మేనేజరు సూర్యనారాయణమూర్తి గారు ఆ ఉత్తరం ముందుగానే టైపు చేసి పల్లంరాజు గారి ముందు పెట్టారు. రాజు గారు చదివారు. కలం తీశారు. మళ్లీ చదివారు. కలానికి మూత పెట్టేశారు.

"ఇవాళ అమావాస్య కదండీ, రేపు చూద్దాం."

మర్నాడు భీమడోలులో పెళ్లి. ఆ తర్వాత కరెంటు లేదు. కరెంటు వచ్చేసరికి కళ్లద్దాలు లేవు. ఒకరోజు మూర్తి గారు బతిమాలితే ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, "ఇంటి దగ్గర తీరిగ్గా పెడతానండి" అని వెళ్లారు. అది చొక్కాతో పాటు చాకిరేవుకి వెళ్లి, ఇస్త్రీ అయి, అట్టముక్కలా తిరిగొచ్చింది. మూర్తి గారు మళ్లీ టైపు కొట్టారు.

మూర్తి గారికి ఇది అంతుపట్టలేదు. పల్లంరాజు గారు పిసినారి కాదు, మాట తప్పే మనిషీ కాదు. విజయ్ అంటే ప్రాణం. ఇంట్లో పూతరేకులు చేయిస్తే మొదటి పొట్లం హేచరీకే వచ్చేది. ఆ ఒక్క సంతకం దగ్గరికొచ్చేసరికి మాత్రం మనిషి మాయమైపోయేవారు.

విజయ్‌కి నిద్ర పట్టడం మానేసింది. అతని స్నేహితుడొకడు వేరే దేశంలో ఇలాగే గడువు దాటి ఉండిపోయి జైలు చూసొచ్చాడు. పాస్‌పోర్టు మీద అలాంటి మచ్చ పడితే మళ్లీ ఎక్కడా పని దొరకదు. పోనీ వెళ్లిపోదామంటే కొత్తగా తెచ్చిన తల్లి రొయ్యలు నిండు చూలాళ్లలా ఉన్నాయి. వాటిని వదిలి కదలడానికి అతనికి మనసొప్పలేదు.

సలహాలకు లోటు లేదు. పెనుగొండ అమ్మవారికి మొక్కుకోమన్నారు. మొక్కుకున్నాడు. పాలకొల్లు వెళ్లి శివుడికి దణ్ణం పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాడు. చిట్టెమ్మ సలహా మరీ తేలిక.

"మీసం పెంచి పంచె కట్టుకోండి బాబూ. విజయ్ అంటే అస్సాం ఆయన అనుకుంటారు. ఎవరడుగుతారు?"

మీసం పెంచడానికి ప్రయత్నించాడు. పై పెదవి మీద అటు నాలుగు, ఇటు మూడు వెంట్రుకలు వచ్చి ఆగిపోయాయి.

చివరికి ఒక ఉదయం బస్సెక్కి భీమవరం వెళ్లి పల్లంరాజు గారి వీధి అరుగు మీద కూర్చున్నాడు. రాజు గారు కిటికీలోంచి చూసి పెరటి గుమ్మంలోంచి రైసుమిల్లుకి వెళ్లిపోయారు. ఆయన భార్య సూర్యకాంతమ్మ గారు కాఫీ తీసుకుని బయటికొచ్చారు.

"ఏంటి బాబూ, అలా చిక్కిపోయావు?"

"అమ్మగారండి, రాజు గారు సంతకం లేదండి. నెలాఖరు తర్వాత నేను దొంగండి."

ఆ మాట అంటూ అతను ఏడ్చేశాడు. సూర్యకాంతమ్మ గారు కాఫీ అతని చేతికిచ్చి లోపలికి వెళ్లారు. మూర్తి గారికి ఫోన్ చేయించి సంగతంతా తెలుసుకున్నారు. మధ్యాహ్నం భర్త భోజనానికి కూర్చుని, పప్పులో నెయ్యి వేసుకున్న తర్వాత, ఇక లేవలేరని చూసుకుని అడిగారు.

"ఏవండీ, ఆ అబ్బాయి కాగితం మీద సంతకం ఎందుకు పెట్టరు?"

రాజు గారు ఇంకాస్త నెయ్యి వేసుకున్నారు.

"హామీ అని రాశారు కాంతం."

"రాస్తే?"

"మా నాన్న సంగతి నీకు తెలుసు కదా."

తెలుసు. మామగారు ఆంజనేయరాజు గారు ఎవరో చుట్టానికి హామీగా సంతకం పెట్టి, కాలవ గట్టున ఉన్న బంగారంలాంటి చేను పోగొట్టుకున్నారు. పోయేముందు కొడుకు చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నారు.

"నోటితో చెప్పలేక తిరుగుతున్నాను," అన్నారు రాజు గారు. "ఆ కుర్రాడికి ఏమని చెప్పను? నిన్ను నమ్ముతున్నాను గానీ నీ పూచీ పడనని ఎలా అనేది?"

"మామయ్య గారు ఏమన్నారు? సరిగ్గా చెప్పండి."

"మనింట్లో మగాడెవడూ ఇంకొకరికి హామీ ఉండకూడదన్నారు."

సూర్యకాంతమ్మ గారు చారు గిన్నె కిందపెట్టారు.

"మగాడెవడూ అన్నారా? ఎవరూ అన్నారా?"

"మగాడెవడూ అనే అన్నారు."

"హేచరీ ఎవరి పేరున ఉంది?"

రాజు గారి ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. ఆడిటరు గారి సలహా మీద హేచరీ ఆవిడ పేరునే పెట్టారు. పెన్సిలుతో ఇంటూ గుర్తులు వేసిన చోటల్లా ఆవిడ సంతకాలు పెట్టారు. ఆ తర్వాత ఆ సంగతి అందరూ మర్చిపోయారు, ఆవిడతో సహా.

"చారు పోసుకోండి. రేపు ఏలూరు వెళ్తున్నాం," అన్నారు సూర్యకాంతమ్మ గారు.

మర్నాడు అంబాసిడరులో అందరూ బయల్దేరారు. ఆవిడ పట్టుచీర కట్టుకున్నారు. విజయ్ తెల్లచొక్కా వేసుకుని, ఆ ఏడు వెంట్రుకలూ గీసేసుకున్నాడు. మూర్తి గారు కొత్త ఉత్తరం అట్టల మధ్య పెట్టి, రాజు గారి జేబుకి అందకుండా అవతలి చంకలో పెట్టుకున్నారు.

ఆఫీసులో ఇన్‌స్పెక్టరు గారు పెద్దమనిషి. ఉత్తరం చదివి తలెత్తారు.

"యజమాని మీరేనా అండి?"

"ఆయ్, నేనేనండి."

"ఈయన మీ దగ్గర ఏం పనిచేస్తారు?"

సూర్యకాంతమ్మ గారు ఒక్క క్షణం తడబడ్డారు. ఆవిడ హేచరీలో అడుగుపెట్టింది ప్రారంభోత్సవం రోజునే. అప్పుడు కొబ్బరికాయ కొట్టి వచ్చేశారు. తర్వాత ధైర్యం తెచ్చుకున్నారు.

"రొయ్యలకి పురుడు పోస్తారండి."

మూర్తి గారు దగ్గారు. ఇన్‌స్పెక్టరు గారు కలం కింద పెట్టారు.

"ఆ పనికి మనవాళ్లు దొరకలేదా?"

"నేర్చుకుంటున్నారండి. ఇంకా చెయ్యి తిరగలేదు. పురిటి మధ్యలో మంత్రసానిని మార్చకూడదు కదండీ!"

"ఈయన ఏదైనా తప్పు చేస్తే బాధ్యత మీది."

ఆవిడ అక్కడికక్కడే విజయ్ వైపు తిరిగారు.

"బాబూ, తప్పుడు పనులేమైనా చేస్తావా?"

"చెయ్యనండి."

"చెయ్యడటండి," అని ఇన్‌స్పెక్టరు గారికి చెప్పి సంతకం పెట్టేశారు. ఈసారి పెన్సిలు గుర్తు ఎవరూ వెయ్యలేదు.

"సాక్షి సంతకం ఒకటి కావాలి," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

అందరూ పల్లంరాజు గారి వైపు చూశారు. ఆయన మొహం పాలిపోయింది.

"సాక్షి అంటే హామీ కాదు కదండీ?"

"కాదండి. ఆవిడ సంతకం పెట్టడం మీరు చూశారని, అంతే."

"చూశానండి. బాగా చూశాను," అని రాజు గారు సంతకం చేశారు. చీమంత అక్షరాలతో చేశారు గానీ, చేశారు.

దరఖాస్తు అందినట్టు రసీదు ఇచ్చి, పైనుంచి జవాబు వచ్చేదాకా ఉండొచ్చని చెప్పారు. విజయ్ దాన్ని రెండు చేతులతో అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు. ఆ పూట హోటల్లో రెండు భోజనాలు తిన్నాడు. కారులో భీమవరం దాకా నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

కొన్ని వారాలకి ఏడాది పొడిగింపు వచ్చింది. ఈలోపే సూర్యకాంతమ్మ గారు హేచరీకి వెళ్లారు. పోలీసు ఆఫీసులో అంతమందిలో తడబడటం ఆవిడకి చిన్నతనంగా తోచింది. విజయ్ గాజుగ్లాసులో నీళ్లు ముంచి వెలుతురుకి పట్టి చూపించాడు. లోపల ధూళికణాల్లాంటివి ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఇవన్నీ రొయ్యలేనా?"

"రొయ్యలేనండి. మీవేనండి."

ఆవిడ ఆ గ్లాసు చాలాసేపు కిందపెట్టలేదు. తర్వాత కొంగు బిగించి తొట్లన్నీ తిరిగారు. ఈ తొట్టి నీళ్లెందుకు పచ్చగా ఉన్నాయి, ఆ గొట్టమెందుకు కారుతోంది, మేత ఎవరు వేస్తున్నారు అని ఒక్కొక్కటే అడుగుతుంటే మూర్తి గారు వెనక పరుగెత్తుతూ జవాబులు చెప్పారు.

పల్లంరాజు గారు కారు దగ్గర నిలబడి ఎదురుచూశారు. ఎండ నెత్తికెక్కాక హారన్ కొట్టించారు. చిట్టెమ్మ బయటికొచ్చింది.

"మిమ్మల్ని వెళ్లిపోమన్నారండి. అమ్మగారికి ఇంకా పనుందంట."