అరచేతిలో పెట్టిన మాట

మా శిశు సంరక్షణ కేంద్రంలో నేను పట్టుబట్టి పెట్టించిన నియమం ఒక్కటే: పిల్లకి చెప్పకుండా తల్లి గడప దాటకూడదు. ఏడిస్తే ఏడవనీ, కళ్ళలోకి చూసి, ఎప్పుడొస్తుందో చెప్పి మరీ వెళ్ళాలి. బొమ్మ చూపించి వెనకనుంచి జారుకునే తల్లులంటే నాకు ఒళ్ళు మంట. మూడేళ్ళ పిల్లని మోసం చేయడం చాలా తేలిక. అందుకే చేయకూడదు.

ఆ పిల్ల మా దగ్గరికి వానాకాలంలో వచ్చింది. వాళ్ళ కుటుంబం ఈ ఊరికి కొత్త, ఇక్కడి భాషకి మరీ కొత్త. తండ్రి ఎక్కడో దూరాన రోడ్డు పనిలో ఉంటాడు. తల్లికి ఆస్పత్రి వంటగదిలో గిన్నెలు కడిగే పని దొరికింది. పిల్లకి మా దగ్గర చోటు ఉన్నన్నాళ్ళే ఆ పని. ఈ సంగతి నాకు మొదటి రోజే తెలుసు.

పిల్ల నోరు విప్పేది కాదు. పది రోజులు బూట్ల అరల పక్కన కూర్చుని తలుపు వైపే చూసింది. "మునీశ్వరి గారు తపస్సులోంచి లేచారా?" అని మా వంటమనిషి రోజూ అడిగేది. నేనూ నవ్వేదాన్ని, నవ్వుతూనే వెళ్ళి ఆ అరల పక్కన కూలబడేదాన్ని. నా మోకాళ్ళ సంగతి దేవుడెరుగు.

తల్లికి మొదట్లో జారుకునే అలవాటే ఉండేది. నేనే చెయ్యి పట్టుకుని ఆపి నేర్పాను. మోకాళ్ళ మీద కూర్చోవాలి, పిల్ల అరచేతికి తన అరచేయి ఆనించాలి, "నిద్ర లేచాక వస్తా" అనాలి. ఇక్కడి భాషలోనే అనమన్నాను, పిల్ల బెంగపడ్డప్పుడు మేమూ అదే మాట చెప్పొచ్చని. ఆమె వచ్చీరాని పలుకుతో రోజూ చెప్పేది. చెప్పినట్టే వచ్చేది. బస్సు తప్పితే రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చేది. నెల తిరిగేసరికి మునీశ్వరి బూట్ల అరలు వదిలి నా ఏప్రన్ అంచు పట్టుకుని తిరగసాగింది. మాట లేదుగానీ ప్లేటు ఖాళీ చేసేది.

అప్పుడే పెద్ద మేడమ్ నన్ను పిలిచింది. కేంద్రాన్ని నడిపేది ఆమే, కానీ నాకు అంతకంటే ఎక్కువ. పదిహేడేళ్ళుగా ఒకే ఫ్లాస్కులో టీ పంచుకున్నాం. నాకు ఆపరేషన్ అయినప్పుడు మంచం పక్కన కూర్చున్నది ఆమే.

"ఆ పిల్ల భాష తెలిసిన ఆయా ఒకరు కావాలని అడుగుదామే," అంది. "నీ పుస్తకంలో కాస్త గట్టిగా రాయి. అంతా బాగుందని రాస్తే పైవాళ్ళు ఎవర్నీ పంపరు."

పిల్లలు ఏం తిన్నారు, ఎంతసేపు పడుకున్నారు, ఎలా ఆడారు అని నేను రోజూ రాసే పుస్తకం అది. సాయం అడిగేటప్పుడు కష్టాన్ని కొంచెం పెంచి రాయడం మా అందరికీ అలవాటే. పిల్ల ఒక్కసారి కొరికింది, "తరచుగా కొరుకుతోంది" అని రాశాను. అరగంట ఏడిచింది, "రోజంతా" అని రాశాను. "మిగతా పిల్లలతో కలవలేదు" అని రాసి కింద గీత కూడా గీశాను. ఆయా వచ్చేసినంత సంబరంగా సంతకం పెట్టాను.

రెండు వారాల తర్వాత, ఒక మంగళవారం, మేడమ్ నా ముందు ఒక కాగితం పెట్టింది. ఈ పిల్ల నలుగురి మధ్య ఉండటానికి ఇంకా సిద్ధంగా లేదు, శుక్రవారంతో చోటు రద్దు. వెనక నా పుస్తకంలోని పేజీ నకలు.

"మరి ఆయా?" అన్నాను.

"వచ్చే నెల తనిఖీ ఉంది. ఏడ్చే పిల్లని పెట్టుకుని మార్కులు పోగొట్టుకోమంటావా?"

"ఇప్పుడు ఏడవట్లేదు కదా!"

"రాసింది నువ్వేగా," అంది, ఎంతో చల్లగా.

ఆయా కోసం ఆమె అసలు అడగనే లేదు. నమ్మించి గొంతు కోయడం అంటే విన్నానుగానీ, ఆ కత్తి కూడా మనచేతే నూరిస్తారని తెలీదు.

"తల్లికి శుక్రవారం దాకా చెప్పకు. గొడవవుతుంది," అని నా కప్పులో టీ పోసింది. తాగలేదు నేను. అంతకు మించి చేసింది ఒక్కటే. నిజం రాసి మళ్ళీ ఇచ్చాను, కాగితాలు పైకి వెళ్ళిపోయాయని తిప్పి ఇచ్చేసింది. గట్టిగా అడిగితే నా ఉద్యోగానికే ఎసరు.

బుధవారం, గురువారం తల్లి నవ్వుతూ వచ్చి, "అక్కా, ఇవాళ తిందా?" అని అడిగింది. "తింది," అన్నాను. అప్పుడే చెప్పి ఉంటే ఆమె ఇంకో చోటు వెతుక్కునేదేమో. పిరికిదాన్ని. మేడమ్‌ని తిట్టుకోవడంలో పడి ఆ మాట నాకు నేను చెప్పుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం తల్లి, మేడమ్ చదివి చెప్పిన కాగితం పట్టుకుని, ఆ గదిలోంచి తిన్నగా నా దగ్గరికి వచ్చింది. నేను గీసిన గీత మీద వేలు పెట్టింది.

"ఇది మీ చేతిరాతేనా అక్కా?"

"అవును."

"ఒక్కసారే కొరికింది. చిన్న విషయం, బెంగపడకు అని మీరే అన్నారు."

"ఆయాని పంపుతారని రాశానమ్మా. మేడమ్ రాయమంటే..." నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"ఎప్పట్నించి తెలుసు?"

"మంగళవారం."

ఆమె అరిచి ఉంటే బాగుండేది. కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. "సోమవారం నుంచి నాకు పని లేదు," అని మాత్రం అంది. పిల్లకి బూట్లు తొడిగింది. అర ఖాళీ చేసింది. తలుపు దాకా వెళ్ళి ఆగి, పిల్లని నా వైపు తిప్పింది.

"చెప్పకుండా వెళ్ళకూడదు. ఈమే నేర్పింది మనకి," అంది. పిల్లతో ఎప్పుడూ వాళ్ళ భాషలోనే మాట్లాడే మనిషి, ఈ మాట నాకు అర్థమయ్యేలా అంది.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. పిల్ల తన అరచేయి నా అరచేతికి ఆనించింది. నెలన్నర దాటినా మా భాషలో ఒక్క ముక్క పలకని పిల్ల నోరు విప్పింది.

"నిద్ర లేచాక వస్తా."

తల్లి సరిదిద్దలేదు. నిజం చెప్పే వంతు నాదే అన్నట్టు నన్నే చూస్తూ నిలబడింది.

"సరే బంగారం," అన్నాను.