గాలిలోకి తెరుచుకునే తలుపు

ఆ పాత మేడకి పడమటి వైపు, పై అంతస్తులో ఒక తలుపుంది. నగిషీ చెక్కిన ద్వారబంధం, ఇత్తడి గొళ్ళెం, అంతా దర్జాగానే ఉంటుంది. తీసి అడుగు బయటపెడితే మాత్రం నేరుగా కింద పూలకుండీలో తేలతారు. ఇక తూర్పు వైపు, బయటినుంచి రాతిమెట్లు వయ్యారంగా వంపు తిరుగుతూ పైదాకా వెళ్ళి, బోడిగోడకి ముక్కు గుద్దుకుని ఆగిపోతాయి.

చూడవచ్చినవాళ్ళు ఈ రెండు చోట్లా నోరు తెరుస్తారు. అలా తెరిచిన నోట్లో కథ పోయడమే కోతల తాత ఉద్యోగం. ఆ పేరు పెట్టింది ఊళ్ళోవాళ్ళే అయినా, తనకి ఇంతకంటే అతికే పేరు తనైనా పెట్టుకోలేడని ఆయనే ఒప్పుకుంటాడు.

"మేడ కట్టించిన పెద్దాయన షికారుకి నేల మీద నడిచే రకం కాదండీ. ఈ తలుపు తీసి, బయట కట్టేసి ఉన్న గాలిబుడగ తొట్టిలో కాలు పెట్టేవాడు. నీలం బుడగ. ఓసారి చిరిగితే అత్తగారి దుప్పటి ముక్కతో అతుకేశారు" అనేవాడు.

అతుకు సంగతి మొదట్లో లేదు. తన చొక్కా మోచేతి మీది అతుకుని ఎవరో అదేపనిగా చూస్తుంటే సిగ్గేసి, దాన్ని బుడగకి అంటగట్టాడు. మెట్లంటారా, అవి ఆ అత్తగారి కోసమే. అల్లుణ్ణి నాలుగు దులుపుదామని ఆయాసపడుతూ ఎక్కి, గోడని చూసి, అలిగి దిగిపోయేదట.

అసలు సంగతి తాతకి తెలుసు. తెలియక ఏం, ఆ తలుపు పెట్టిన మేస్త్రీ సాక్షాత్తూ ఆయన తాతే! మెట్లు కట్టింది ఆ మేస్త్రీ బావమరిది. అరువిచ్చిన తాపీని అరగదీసి ఇచ్చాడని పని మధ్యలో ఇద్దరికీ మాటలు పోయాయి. ఆ తర్వాత యజమాని మనసు మార్చుకుని, మెట్లు పడమట వద్దు, తూర్పున కట్టమని బావమరిదికి చెప్పి, "తలుపు కూడా అటే పెట్టమని మీ బావకి చెప్పు" అన్నాడు. మాట్లాడనని ఒట్టేసుకున్న మనిషి ఎలా చెబుతాడు? చెప్పలేదు. పరంజాలు విప్పేదాకా ఒకరి పని వైపు ఒకరు తలెత్తి చూడనూ లేదు. ఆ పరువు తక్కువ పని కప్పెట్టడానికే మనవడు గాలిబుడగ ఎగరేశాడు.

ఇలా ఉండగా మేడకి కొత్త మేనేజరమ్మ వచ్చింది.

"తాతా, మీ మీద ఫిర్యాదులున్నాయి. బుడగట, అత్తగారట! రేపు ఈ ఇంట్లో పుట్టినావిడ వస్తున్నారు. ఆవిడకి ఇల్లు మీరే చూపించండి. ఒక్క అబద్ధం దొర్లిందా, ఎల్లుండి నుంచి ఇంట్లో విశ్రాంతి తీసుకుందురుగాని."

విశ్రాంతి అనగానే తాత గుండె జారింది. ఇంట్లో కూర్చుంటే వినేదెవరు? భార్య పెళ్ళయిన ఏడాదికే ఆయన కథలకి చెవులు మూసేసుకుంది.

"రేపు నిజం చెబుదామనుకుంటున్నానే" అన్నాడు ఆవిడతో.

ఆవిడ గబగబా వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జ్వరమేం లేదే!"

మర్నాడు చేతికర్ర పొడుచుకుంటూ ముసలావిడ వచ్చింది. పక్కనే మేనేజరమ్మ. పడమటి గదిలో తాత గొంతు సవరించుకున్నాడు.

"ఇది తలుపండీ."

"కనబడుతూనే ఉంది" అంది ముసలావిడ.

"చెక్కతో చేశారు."

"ఏమయ్యా, ఈ ముక్క వినడానికా మోకాళ్ళు పట్టుకుని ఇన్ని మెట్లెక్కాను?"

ఇక తప్పదని తాత కళ్ళు మూసుకుని, తాపీతో మొదలుపెట్టి పూలకుండీ దాకా ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పుట్టి బుద్ధెరిగి ఒక కథని పెంచకుండా చెప్పడం అదే మొదలేమో, ఒళ్ళంతా చెమటలు పట్టాయి.

మేనేజరమ్మ తల పట్టుకుంది. "ఇవాళ కూడానా తాతా! ఒకే ఇంటి మీద పనిచేస్తూ ఒకరి పని ఒకరు చూసుకోకుండా కట్టేశారా? పసిపిల్లలైనా నమ్ముతారా?"

"నిజమమ్మా! ఒట్టు!"

"మీ ఒట్ల మీద కూడా ఫిర్యాదుంది."

ముసలావిడ కర్రతో నేల మీద ఠప్పున కొట్టింది. "మా ఇంటికి వంక పెడతావా? ఈ తలుపు పెట్టించింది గాలిబుడగ కోసం! మా తాత నన్ను చంకనేసుకుని తొట్టి ఎక్కేవాడు. నీలం రంగుది. ఓ పక్కన దుప్పటి అతుకు. నా కళ్ళతో నేను చూశాను!"

అతుకు అనగానే తాత చెయ్యి తన మోచేతి మీదికి పోయింది.

మేనేజరమ్మ మొహం వెలిగిపోయింది. బోర్డు రాయించడానికి ఫోన్ తీసుకుని వరండాలోకి పరిగెత్తింది. తాత మెల్లిగా దగ్గరికి జరిగాడు.

"అమ్మగారూ, మీరు ఈ ఇల్లు వదిలినప్పుడు ఎంత వయసుంటుందండీ?"

"పాలు తాగే పిల్లనట."

"మరి బుడగ..."

"మా అక్క కొడుకు ఇక్కడికొచ్చి అంతా విని వచ్చాడు. వాడు చెబుతుంటే నాకన్నీ కళ్ళ ముందుకొచ్చేశాయి. ఇదివరకు ఎవరో మంచాయన ఉండేవాడటగా, ఆయన్ని తీసేశారా?"

ఆ మంచాయన నేనేనండీ అనబోయాడు తాత. వరండాలో మేనేజరమ్మ మాట వినబడుతూనే ఉంది. మింగేశాడు. మేస్త్రీ తాతని మనసులోనే తలుచుకుని క్షమించమన్నాడు. ఆయన తలుపుకి ఆఖరికి ఒక పని దొరికిందని సమాధానపడమనీ చెప్పాడు.

'గాలిబుడగ ద్వారం' అని బోర్డు వెలిసింది. తాత ఉద్యోగం నిలిచింది, కాకపోతే ఒక షరతు మీద. బోర్డులో ఉన్నదే చెప్పాలి, మేస్త్రీల ఊసెత్తకూడదు.

కొన్నాళ్ళు ఓపిక పట్టాడు. ఒకరోజు నోరు ఊరుకోక, "తొట్టిలో ఒక మేక కూడా ఉండేదండీ" అన్నాడో లేదో, వెనకనుంచి వినబడింది: "తాతా! బోర్డులో మేక లేదు!"

ఇంటికొచ్చి చెప్పులు విసిరేశాడు. "నేను పుట్టించిన బుడగలో మేకని ఎక్కించడానికి నాకే దిక్కు లేకుండా పోయిందే! నిజం చెబితే కోతలంటారు. కోతలు కోద్దామంటే నిజం చేసి కూర్చున్నారు."

భార్య చేటలో బియ్యం ఏరుతోంది. వినలేదనే అనుకున్నాడు. కాసేపటికి ఆవిడ తలెత్తకుండానే అడిగింది.

"ఇంతకీ ఆ మేక తెల్లదా, నల్లదా?"

తాత పీట లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు.